పాషాణం కదిలిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మా బావమరిది మొదటి దెబ్బ కొట్టింది మనిషిని కాదు, మట్టిని.

రేవు మెట్ల మీద నా చెల్లెలు మోకాళ్ళ మీద కూర్చుని, చెరువు అడుగునుంచి తీసిన మన్ను నిండిన గాజు గొట్టాన్ని ఎండకెత్తి చూస్తోంది. పైన తారులా నలుపు, దాని కింద ఇటుకపొడి రంగులో ఒక పట్టీ, ఇంకా కింద బూడిదరంగు. "అన్నయ్యా, ఈ ఎర్ర పట్టీ చూడు. కొండ మీద గని నడిచిన రోజులవి..." అంటూ ఉండగానే వెనకనుంచి తెడ్డు వచ్చి గొట్టానికి తగిలింది. గాజు పెంకులు ఆమె అరచేతిలో దిగాయి. బురదంతా ఒళ్ళో పడింది. కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమంది.

బావమరిదిని రేవులో అందరూ జువ్వ అనేవాళ్ళు. ఎప్పుడు అంటుకుంటాడో, ఎటు లేస్తాడో వాడికే తెలియదు.

"మా చెరువు అడుగు కెలకమని నీకెవరు చెప్పారు?" అన్నాడు, తెడ్డు మళ్ళీ ఎత్తుతూ.

నేను తెడ్డు పట్టుకున్నాను. వాడు వదలకుండా తలతో నా మూతి మీద పొడిచాడు. పెదవి చిట్లింది. ఇద్దరం మెట్ల మీద దొర్లి నీళ్ళలో పడ్డాం. ఒడ్డున వాడిది పైచెయ్యి కావచ్చు, నీళ్ళలో నాది. జుట్టు పట్టి ముంచాను. వాడి గోళ్ళు నా మెడలో దిగుతున్నా వదల్లేదు. చేపలకి మేత చల్లే పడవలోంచి ఈలన్న దూకి మా ఇద్దర్నీ చెరో పక్కకి లాగాడు.

"ఆపండయ్యా, చేపలు చూస్తున్నాయి. మన పరువేం గాను?" అన్నాడు రొప్పుతూ.

పైమెట్టు మీద మామ నిలబడి ఉన్నాడు. "మట్టి కోసం కొట్టుకుంటారట్రా?" అన్నాడు మెల్లగా. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. దిగి వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి నా చెల్లెలి చేతికి చుట్టి కట్టాడు. కొడుకువైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

మేం చెరువనే అనేవాళ్ళం గానీ, ఎండలో అవతలి ఒడ్డు కనపడనంత నీళ్ళు అవి. అందులో మామ పంజరాలు తేలుతుండేవి. ఇనప చట్రాలకి వలలు బిగించి, ఆ వలల్లో చేపలు పెంచడం ఆయన వ్యాపారం. నేను ఆయన దగ్గర గజ ఈతగాణ్ణి. గాలి సిలిండరు వీపుకి తగిలించుకుని కిందికి దిగడం, తెగిన వలలు కుట్టడం, అడుగున చచ్చి పడ్డ చేపల్ని ఏరడం నా పని. ఆ పనిలో కుదిరాకే ఆయన కూతుర్ని చేసుకున్నాను. మామ ఇల్లూ మా ఇల్లూ ఒకే ప్రహరీలో ఎదురెదురుగా ఉండేవి. రేవు వాడలో సగం పొయ్యిలు ఆ చేపల మీదే వెలిగేవి.

నా చెల్లెలు చెరువుల అడుగుమన్ను మీద పరిశోధన చేస్తుంది. ఆ వేసవి మా చెరువు వంతు వచ్చింది. మా మేడ మీది గదిలో దిగింది. రోజంతా బురదలో ఉండేది కాబట్టి కూలీలు ఆమెకి బురదమ్మ అని పేరు పెట్టేశారు. ఈలన్నకి ఆమెంటే సరదా. మేత చల్లేటప్పుడు ఈల వేసి చేపల్ని పిలుస్తాడు గనక ఆయన ఈలన్న. "బురదమ్మా, అంత లోతునుంచి తోడుతున్నావు, బంగారమేమన్నా తగిలిందా?" అంటే, "తగిలితే మొదట నీకే చెప్తా అన్నా" అనేది.

తగిలింది బంగారం కాదు.

గొట్టం పగిలిన సాయంత్రం కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, నాకూ నా భార్యకీ విప్పి చెప్పింది.

"మన తాతల రోజుల్లో ఆ కొండ మీద గని ఉండేది కదా. ఖనిజం కడిగిన నీళ్ళన్నీ చెరువులోకే వదిలారు. ఆ నీళ్ళలో ఆర్సెనిక్ ఉంది వదినా. పెద్దవాళ్ళు పాషాణం అంటారే, అది. అది ఇనప తుప్పుకి అతుక్కుని అడుగున పడి ఉంది. పడి ఉన్నంతకాలం దాని జోలి మనకి లేదు, మన జోలి దానికి లేదు."

"మరి ఇప్పుడేమైంది?" అంది నా భార్య.

"పంజరాల్లోంచి చేపలు తినగా మిగిలిన మేత, వాటి పెంట, అంతా అడుక్కి చేరుతోంది. అది కుళ్ళుతుంటే అడుగు నీళ్ళలో గాలి అయిపోతోంది. ఎండాకాలం పైనీళ్ళు వేడెక్కి అడుగు నీళ్ళతో కలవవు, కొత్త గాలి దిగదు. అలా గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులుంటాయి. కంటికి కనపడవు. మనం గాలి పీల్చినట్టు అవి తుప్పుని పీలుస్తాయి. కొన్నయితే పాషాణాన్నే పీలుస్తాయి."

"పాషాణం పీల్చి బతుకుతాయా?"

"బతకడమేంటి వదినా, బలుస్తాయి. వాటి దెబ్బకి తుప్పు కరుగుతుంది, దాన్ని పట్టుకున్న పాషాణం ఊడి నీళ్ళలో కలుస్తుంది."

"అంటే మనం చేపల్ని మేపుతున్నామనుకుంటూ వాటిని మేపుతున్నామన్నమాట" అన్నాను.

చెల్లెలు నవ్వలేదు. "వాడ మొత్తానికి నీళ్ళు తోడే గొట్టం నోరు ఎక్కడుంది అన్నయ్యా?"

ఎక్కడుందో నాకు తెలుసు. ఏటా దిగి దాని జల్లెడ శుభ్రం చేసేది నేనే. పంజరాల వరస దాటగానే, అడుక్కి దగ్గరగా ఉంది.

"కాచుకుని తాగితే?" అంది నా భార్య.

"కాస్తే నీళ్ళు పోతాయి. పాషాణం మిగులుతుంది."

నా భార్య లేచి ఎదురింటికి వెళ్ళి వాళ్ళమ్మని చెయ్యి పట్టి తీసుకొచ్చింది. అత్త అరచేతుల నిండా కంకర పోసినట్టు గట్టి బుడిపెలు. మెడ కింద, దుమ్ములో చినుకులు పడ్డట్టు తెల్లమచ్చలూ నల్లమచ్చలూ. చెల్లెలు ఆ చేతుల్ని దీపం దగ్గరికి జరిపి చూసి, "ఏళ్ళ తరబడి పాషాణం నీళ్ళు తాగినవాళ్ళకి ఇలాగే వస్తాయి" అంది.

"ఏముందమ్మా అందులో? పని చేసిన చేతులు కాయలు కాస్తాయి గానీ పూలు పూస్తాయా?" అని అత్త చేతులు వెనక్కి లాక్కుంది.

రెండు రోజులు పోయాక మామ మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు చెప్పేది అబద్ధమని నేననను. ఈ విడత చేపలు తీసేదాకా ఆగు. ఆ తర్వాత నువ్వెవరికి చెప్పుకున్నా నీ ఇష్టం."

"మావయ్యగారూ, ఎండ ముదిరేకొద్దీ అది పెరుగుతుంది. అప్పటిదాకా జనం తాగుతూనే ఉంటారు. మీ ఇంట్లోవాళ్ళతో సహా."

"పంజరాలు తీసేస్తే వాడంతా ఏం తింటుంది?"

"నాకు తెలీదండీ" అంది చెల్లెలు. "కానీ మొదటి గొట్టం పగిలింది కాబట్టి ఇంకొకటి తియ్యాలి. నీళ్ళ గొట్టం నోటి దగ్గర. అది చూపిస్తే అధికారులు నీళ్ళు ఆపుతారు."

మామ "అయితే సరే" అని వెళ్ళిపోయాడు.

ఒప్పుకున్నాడనుకున్నాం.

కథ అప్పటికే వాడకెక్కింది. బురదమ్మ పంజరాలు మూయిస్తుందట అన్నది ఒక నోట పుట్టి నాలుగు నోళ్ళలో పెరిగింది. మేడ మీది కిటికీ అద్దాలు పట్టపగలే రాళ్ళతో పగలగొట్టారు. చేపలు కోసే షెడ్డులో నేను మంచు దిమ్మలు దించుతుంటే ఒకడు, "ఏమయ్యా, మా తిండి తీసి మీ చెల్లెలికి పెడతావా?" అని అడ్డం నిలబడ్డాడు. జరగమన్నాను. జరగలేదు. మంచు కొట్టే సుత్తితో నా భుజం మీద వేశాడు. నేను వాడి ముఖాన్ని మంచు దిమ్మకేసి రెండుసార్లు కొట్టాను. మంచు ఎర్రబడింది. అంతకుముందు వారం నా పక్కన కూర్చుని తిన్నవాడే వాడు. చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో కోత కత్తులున్నాయి. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ కింద పెట్టలేదు. చేపలు సర్దే బల్ల దగ్గరనుంచి ఈలన్న భార్య, "ఇది చేపలు కోసే చోటు, మనుషుల్ని కాదు. పోండి!" అని అరిస్తే విడిపోయాం.

ఇంటికొచ్చాక నా భార్య భుజానికి కాపడం పెడుతూ, "మీ చెల్లెల్ని పంపించెయ్యండి" అంది. గుడ్డ మళ్ళీ వేడిచేసి, "వద్దు. ఆ గొట్టమేదో తీసి ఇచ్చి పంపించండి" అంది.

మర్నాడు పొద్దున నేనూ చెల్లెలూ చిన్న పడవలో బయల్దేరాం. రేవు దాటుతుంటే మామా జువ్వా మరపడవ దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. మామ మాట్లాడుతున్నాడు, జువ్వ తల ఊపుతున్నాడు. ఈలన్న మేత బస్తాలు ఎక్కిస్తూ మాకు చెయ్యూపాడు.

పంజరాలు దాటాక లంగరేసి నేను దిగాను. ఎన్నోసార్లు దిగిన చోటే. ఆ రోజు చెల్లెలి మాటలు చెవిలో ఉన్నాయి కాబట్టి మొదటిసారి చూసినట్టు చూశాను. లోతుకి పోయేకొద్దీ నీళ్ళు చల్లబడి, లాంతరు వెలుగు పసుపుపచ్చగా మారింది. అడుగున నల్లటి మీగడ కట్టినట్టుంది. తినని మేత బూజు పట్టి పరుచుకుంది. ఒక్క నత్త లేదు, ఒక్క పురుగు లేదు. చెయ్యి ఆనించగానే బుడగలు లేచాయి. చచ్చిన చోటనుకున్నాను గానీ కాదు, అక్కడ ఏదో తెగ తింటోంది. గొట్టం నిలబెట్టి బరువంతా వేసి దించాను. మూత బిగించి, పైకి లాగమని చెల్లెలికి గుర్తుగా తాడు కదిపాను.

అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది. నీళ్ళలో చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదు, అన్ని వైపులనుంచీ వస్తుంది. తల ఎత్తితే పైన మా పడవ అడుగు, చిన్న ఆకులా. దానివైపు పెద్ద నీడ ఒకటి నేరుగా వస్తోంది.

తగిలిన చప్పుడు నా పళ్ళలో మోగింది.

నేను పైకి వచ్చేసరికి మా పడవ బోర్లా పడి ఉంది. చెల్లెలు దాని వీపుని రెండు చేతులతో కరుచుకుని దగ్గుతోంది. కొంచెం దూరంలో ఈలన్న నీళ్ళలో ఈదుతున్నాడు. మరపడవ ముందు భాగంలో బస్తాల మీద కూర్చున్నవాడు, దెబ్బకి ఎగిరి పడ్డట్టున్నాడు. చెల్లెలివైపే ఈదుతూ, "పట్టుకో బురదమ్మా, వస్తున్నా" అంటున్నాడు.

మరపడవ పెద్ద చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది.

"జువ్వా! మనిషి! మనిషి ఉన్నాడు!" అని అరిచాను. వాడి కళ్ళు మా పడవ మీదే ఉన్నాయి. ఈలన్న చెయ్యెత్తాడు. పడవ ముందు భాగం ఆయన్ని కిందికి తొక్కింది, వెనక మర తన పని చేసింది. ఇంజను ఒక్క క్షణం బిగుసుకుని, మళ్ళీ తిరిగింది.

నేను ఈది వెళ్ళి పట్టుకునేసరికి చుట్టూ నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. తొడ దగ్గరనుంచి కాలు ఒక తోలుముక్క మీద వేలాడుతోంది. నా నడుం పట్టీ తీసి బిగించాను. బిగించడానికి అక్కడేం మిగల్లేదు. ఆయన నా ముఖంలోకి చూస్తూ పెదాలు గుండ్రంగా చుట్టాడు. ఏదో చెప్పబోయాడు. గాలి మాత్రం వచ్చింది.

జువ్వ ఇంజను ఆపి అంచు మీదికి వంగి చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బావా, నేను చూళ్ళేదు" అన్నాడు. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టిన పిల్లాడిలా మళ్ళీ అన్నాడు, "నేను చూళ్ళేదు బావా." ఆ తర్వాత ఇంజను వేసి ఒడ్డుకి వెళ్ళిపోయాడు.

మేము శవంతో, బోర్లా పడ్డ పడవని పట్టుకుని ఒడ్డు చేరేసరికి వాడు చెప్పాల్సింది చెప్పేశాడు. బావే తన పడవని మేత పడవకి అడ్డం తిప్పాడనీ, ఈలన్నని నీళ్ళలోకి లాగాడనీ. పోలీసులు వచ్చి ఇద్దరి మాటా విన్నారు, పడవలకి కాపలా పెట్టారు, ఆస్పత్రివాళ్ళు శవాన్ని తీసుకెళ్ళారు. మామ ఒక పక్కన నిలబడి అన్నీ విన్నాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం జనం వచ్చారు.

మొదట కుక్కలు మొరిగాయి. ఆ తర్వాత ప్రహరీ గేటు మీద ఇనుము మోగింది. ముందు వరసలో ఈలన్న భార్య. చేతిలో వలలకి వేసే ఇనప కడ్డీ. జుట్టు విరబోసుకుని, కళ్ళు ఎండిపోయి ఉంది. వెనక షెడ్డులో పనిచేసేవాళ్ళంతా. పక్కన జువ్వ.

"బురదమ్మని బయటికి పంపు" అన్నాడు ఒకడు.

"ఏదున్నా నాతో మాట్లాడండి" అని గేటు మూసి నిలబడ్డాను. లంగరు గొలుసు చేతికి చుట్టుకున్నాను. గేటు ఎంతసేపు ఆగుతుంది? కీళ్ళతో సహా నా మీద పడింది. గొలుసు ఎవరి పంటికో, ఎవరి చెవికో తగలడం తెలిసింది. ఆ తర్వాత నేను నేల మీద ఉన్నాను. బూట్లు, కర్రలు. పక్కటెముకలు విరిగిన చప్పుడు బయటికి వినపడదు, లోపలికి వినపడుతుంది.

జువ్వ నా మీదుగా దాటుకుని లోపలికి వెళ్ళాడు. గుమ్మంలో నా భార్య అడ్డం నిలబడింది.

"ఒరే తమ్ముడూ, నీకు దణ్ణం పెడతాను."

"జరుగక్కా!" అని తోశాడు. ఆమె తల తలుపుకి తగిలింది. మేడ మెట్ల మీంచి చెల్లెల్ని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. మెట్టు మెట్టుకీ ఆమె మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి. వాకిట్లో పడేసి, గాజు దిగిన ఆ చేతినే మడమతో తొక్కాడు. ఎముక విరిగింది. చెల్లెలు అరిచిన అరుపు మనిషి గొంతులా లేదు.

"అడుగు వదినా, నీ మొగుణ్ణి ఎందుకు చంపిందో అడుగు!" అన్నాడు ఈలన్న భార్యతో.

ఆమె కడ్డీ ఎత్తింది.

ఆ ఎత్తిన చేతిని వెనకనుంచి అత్త పట్టుకుంది. ఎదురింట్లోంచి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. పట్టుకుని కిందికి దించి, కడ్డీ చుట్టూ బిగుసుకున్న వేళ్ళని ఒక్కొక్కటే విప్పింది. ఆ అరచేతిని బొటనవేలితో తడిమింది.

"నీకూ వచ్చాయా?" అంది.

ఈలన్న భార్య తన చేతిని తనే కొత్తగా చూసుకుంది. "ఇవా... తాళ్ళు లాగి వచ్చాయి" అంది.

"నేను తాడు ముట్టి ఎన్నేళ్ళయింది?" అని అత్త తన చెయ్యి ఆమె చేతి పక్కన పెట్టింది.

వాళ్ళిద్దరూ అలా నిలబడిపోయారు. దగ్గరున్నవాళ్ళు ఒకరిద్దరు మెడలు చాచి చూశారు. ఒకడెవడో తన అరచెయ్యి తిప్పి చూసుకుని, గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. అరుపులు తగ్గాయి. ఆ తగ్గినప్పుడే మామ తన గుమ్మం మెట్లు దిగి రావడం కనిపించింది.

ఈలన్న భార్య ఆయనవైపు తిరిగింది. "అయ్యా, మీ ఉప్పు తిని బతికాం. మీరు అబద్ధం చెప్పరు. పడవ తిప్పింది ఎవరు?"

"చెప్పు నాన్నా, బావేనని చెప్పు" అన్నాడు జువ్వ.

మామ కొడుకుని చూశాడు. నేల మీద పడున్న నన్నూ, చెయ్యి పొట్టకి అదుముకున్న నా చెల్లెల్నీ చూశాడు. అత్త చేతుల్ని చివర్న చూశాడు.

"తిప్పింది వాడే" అన్నాడు. గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. "తిప్పమన్నది నేను. పడవ ముంచి బెదిరించమన్నాను. నీ పెనిమిటి మరపడవలో ఉన్నాడని తెలిసి కూడా చెప్పాను."

ఈలన్న భార్య కడ్డీ ఈసారి రెండు చేతులా ఎత్తింది. మామ కదల్లేదు. మోకాలి మీద పడింది. చిల్లపెంకు విరిగినట్టు శబ్దం. ఆయన కూలబడ్డాడు, అప్పుడు కూడా అరవలేదు. అత్త పక్కనే ఉంది. ఆపలేదు.

ఆ తర్వాత జనం జువ్వ మీద పడ్డారు. నా చెల్లెలి కోసం తెచ్చిన కర్రలే, నన్ను కొట్టిన చేతులే. వాడు పరిగెత్తబోతే కాళ్ళు లాగి పడేశారు. "నేను చూళ్ళేదు, నేను చూళ్ళేదు" అని వాడి కేకలు కర్రల కిందనుంచి వస్తున్నాయి. నెత్తుటి ముఖంతో నా భార్య ఆ కాళ్ళ మధ్యలోంచి దూరి వెళ్ళి తమ్ముడి మీద బోర్లా పడుకుంది. దెబ్బలు ఆమె మీద పడ్డాయి. నేను పాకుతూ వెళ్ళి ఆమె మీద పడ్డాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను. నిమిషం ముందు నా చేతికి దొరికితే వాణ్ణి నేనే చంపేవాణ్ణి.

"చాలు!" అని అరిచింది ఈలన్న భార్య. "చాలు, ఇంక చాలు. నా మొగుడు రాడు." కడ్డీ పారేసి, వాకిట్లోనే కూర్చుని, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. పోలీసు బండి వచ్చేవరకూ ఏడుస్తూనే ఉంది.

జువ్వకి ఎడమ కన్ను పోయింది. ఆస్పత్రినుంచే జైలుకి తీసుకెళ్ళారు. మామ మోకాలు మళ్ళీ వంగలేదు. కోర్టులో విచారణ రోజున కర్ర పట్టుకుని నిలబడి, వాకిట్లో చెప్పిన మాటే ఇంకోసారి చెప్పాడు. నేను చూసింది నేను చెప్పాను. తండ్రీకొడుకుల్ని ఒకే జైల్లో వేరువేరు గదుల్లో పెట్టారు.

చివరిసారి నేను తీసిన మట్టి గొట్టం చెరువు అడుగునే ఉండిపోయింది. దాన్ని పైకి తెచ్చే పని పోలీసుల ఈతగాళ్ళు చేశారు. ఆ మన్నూ, దాని మీది నీళ్ళూ పరీక్ష చేసినవాళ్ళు ఆ వారమే వాడకి నీళ్ళు ఆపేశారు. ట్యాంకర్లు రావడం మొదలైంది. అరచేతులు చూడ్డానికి డాక్టర్లు వచ్చి షెడ్డులో బల్లలేసుకుని కూర్చున్నారు. వరస వీధి చివరిదాకా ఉంది.

పంజరాలు విప్పింది నేనే. పక్కటెముకలు అతుక్కున్నాక దిగి, ఒక్కో చట్రం బోల్టులూ ఊడదీశాను. చేపల్ని తీసి గోతుల్లో పూడ్చారు. ఒడ్డున నిలబడి చూసినవాళ్ళలో ఒక్కరూ నాతో మాట్లాడలేదు. కొందరు ఆ నెలలోనే వాడ వదిలి పనులు వెతుక్కుంటూ పోయారు. మంచు షెడ్డులో నన్ను సుత్తితో కొట్టినవాడు వెళ్తూ వెళ్తూ మా గేటు దగ్గర ఆగాడు. ముక్కు ఇంకా వంకరగానే ఉంది. "మా చిన్నదానికి కూడా ఉన్నాయట" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

చెల్లెలు కట్టుతోనే చలికాలం దాకా ఉంది. చెరువు మధ్యలో గాలి కొట్టే యంత్రాలు పెట్టారు. వాటి గొట్టాలు అడుక్కి దించే పని నాకిచ్చారు. చలి మొదలై పైనీళ్ళు చల్లబడ్డాక, బరువెక్కి కిందికి దిగి, అడుగు నీళ్ళతో కలిశాయి. తుప్పు మళ్ళీ పుట్టి పాషాణాన్ని పట్టుకుంటోందని చెప్పింది.

"మరి ఆ సూక్ష్మజీవులు చచ్చిపోయాయా?" అన్నాను.

"అవి చావవు అన్నయ్యా. మేత లేక ఊరుకుంటాయి, అంతే. పాషాణమూ ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉంటుంది. మనమే మళ్ళీ వాటిని మేపకుండా ఉండాలి."

ఆమె వెళ్ళే రోజున బస్సు దాకా నా భార్య కూడా వచ్చింది. విరిగిన చెయ్యి ఇంకా సరిగా రాలేదని సంచి నా భార్యే మోసింది. బస్సు వచ్చాక చెల్లెలు మెట్టెక్కబోయి ఆగింది.

"వదినా, నన్ను క్షమించు."

"దేనికి? ఉన్నది చెప్పావు" అంది నా భార్య. సంచి ఆమె భుజానికి తగిలించి, పట్టీ సర్దింది. "నువ్వు చెప్పకపోతే మా అమ్మ ఏమయ్యేదో నాకు తెలుసు. కానీ నిన్ను చూసినప్పుడల్లా నాకు మా తమ్ముడి కన్ను కనపడుతోంది. కొన్నాళ్ళు రాకు."

చెల్లెలు తల ఊపింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నా భార్య కిటికీ దాకా వెళ్ళి, "మందులు మానకు. చేతికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో" అంది. బస్సు కదిలింది.

అది మలుపు తిరిగి, దాని వెనక దుమ్ము నేల మీద వాలేదాకా నా భార్య అక్కడే నిలబడింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పదండి" అంది. "ట్యాంకరొచ్చే వేళయింది. అమ్మ బిందెలు ఎత్తలేదు."